అద్దె ఇంటికి ఇంటిపేరు

‘ఇంటిపేరు’ చిత్రమైన మాట. అందులో ఇల్లు ఉంది గానీ, ఆ ఇల్లు ఎక్కడిదో ఇంట్లోవాళ్ళకే తెలియదు. మా పూర్వులెవరో ఏ కాలంలోనో ఏ ఊళ్ళోనో ఉన్నందుకు ఆనవాలుగా అది మమ్మల్ని అంటిపెట్టుకుని వచ్చింది. తల్లాడలో నేను పెరిగినన్నాళ్ళూ అది నా పేరు ముందు ఒక పొడి అక్షరంగా, పక్కనొక చుక్కతో, బడి హాజరుపట్టీలో మాత్రమే బతికింది. ఆ అక్షరాన్ని విప్పి పూర్తి మాటగా చెప్పమని అడిగేవాళ్ళు మా వైపు రెండు రకాలే: పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు.

ఏడేళ్ళ క్రితం ఉద్యోగం మీద జర్మనీలోని మ్యూనిక్ నగరానికి వచ్చాక ఆ పొడి అక్షరానికి దశ తిరిగింది. ఇక్కడ చాలా భవనాల్లో మన ‘ఫ్లాట్ నంబరు’ లాంటి ఏర్పాటు ఉండదు. వీధి పేరు, భవనం నంబరు, అంతవరకే చిరునామా. లోపల ఎవరెవరున్నారో తపాలా మనిషికి చెప్పేది కింద గుమ్మం దగ్గర గంట మీటల పక్కనా, ఉత్తరాల పెట్టె మీదా అంటించిన ఇంటిపేరే. అది లేకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అంటే ఇక్కడ ఇంటిపేరు నిజంగానే ఇంటికి పేరైంది. మా ఊళ్ళో ఒక్కరూ పిలవని పేరుతో నన్నిక్కడ బ్యాంకు గుమాస్తా మొదలు పళ్ళ డాక్టరు దాకా అందరూ పిలుస్తారు. (మొదటి ఆరు నెలలూ ఎవరో మా తాతగారిని పిలుస్తున్నట్టు అనిపించి వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.)

పరాయి నగరంలో ఇల్లు వెతుక్కోవడం గురించి మనవాళ్ళు కలిసినప్పుడు చెప్పుకునేవన్నీ కష్టాలే. ఆ కష్టాలు నిజమే. కానీ ఒకే ఇంటిపేరుతో ఒకచోట అద్దెకుంటూ, మరొకచోట అద్దెకిచ్చే ఇంటి బిడ్డగా ఉంటున్నవాడికి ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఈ నాలుగు మాటలూ దాని గురించి.

ముందు కష్టాలు చెప్పి ముగిస్తాను. మ్యూనిక్‌లో ఇల్లు చూడ్డానికి పిలుపు రావడమే సగం విజయం. పిలుపొచ్చి వెళితే మెట్ల మీద వరస. ప్రతివాడి చేతిలోనూ ఒక ఫైలు: మూడు నెలల జీతం చీటీలు, పాస్‌పోర్టు నకలు, ఉద్యోగపు ఒప్పందం, పాత యజమాని నుంచి అద్దె బాకీ లేదన్న ఉత్తరం, అన్నిటికీ పైన ‘షూఫా’ పత్రం. షూఫా 1927లో బెర్లిన్‌లో పుట్టిన సంస్థ. పేరు వింటే సర్కారు వారిదనిపిస్తుంది గానీ ప్రైవేటుదే. ఎవరు అప్పులు ఎలా తీరుస్తున్నారో లెక్క ఉంచడం దాని పని. కొత్తగా విమానం దిగినవాడి గురించి దాని దగ్గర లెక్కేమీ ఉండదు. మంచివాడనీ చెప్పలేదు, చెడ్డవాడనీ చెప్పలేదు. దీనికి తోడు, ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. 2015 నవంబరు నుంచి దానికి ఇల్లిచ్చినవారి సంతకం ఉన్న ధ్రువపత్రం కూడా కావాలి. నమోదు లేనిదే పన్ను నంబరు రాదు, చాలా బ్యాంకుల్లో ఖాతా తెరవడమూ కష్టం. ఖాతా, జీతం చీటీ చూపనిదే ఇల్లు దొరకదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్న సామెత మనవాళ్ళు ఎవరిని చూసి కట్టారో గానీ, మ్యూనిక్‌లో దిగిన ప్రతి తెలుగువాడికీ అది మొదటి నెలలోనే అర్థమవుతుంది.

ఇల్లు దొరికాక ఇంకో వింత. మనం ఇల్లు ఖాళీ చేస్తే పొయ్యి, గ్యాసుబండ పట్టుకుపోతాం. ఇక్కడివాళ్ళు చాలామంది వంటగట్టు, అలమరలు, ఒక్కోసారి సింకుతో సహా వంటిల్లంతా ఊడదీసి పట్టుకుపోతారు. గోడలోంచి రెండు నీళ్ళ గొట్టాలు, పైకప్పు నుంచి వేలాడే రెండు తీగలు మాత్రం మిగులుతాయి. బల్బు హోల్డరు కూడా మనమే పెట్టుకోవాలి. అడ్వాన్సు విషయంలో మాత్రం చట్టం అద్దెదారు పక్షమే: హీటింగు వగైరా ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి అడగకూడదు, ఆ మొత్తాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు ఉంది.

నాకు ఇల్లిచ్చిన పెద్దావిడ అదే భవనంలో పై అంతస్తులో ఉంటారు. నా ఫైలంతా కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో కాగితమే తిప్పి చదివి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు: వంటలో వేపుళ్ళు ఎక్కువా అని. ఎండుమిరపకాయల పోపు సంగతి దాచకుండా చెప్పాను. కిటికీ తెరుచుకుని చేసుకోమన్నారు. మా నాన్న ఏం చేసేవారని గానీ, మేం ఎవరమని గానీ అడగలేదు.

ఈ కాగితాల తంతును మిత్రులు చాలామంది తిట్టుకుంటారు. నా మటుకు నాకు దాని మీద కోపం లేదు. ముక్కూ మొహం తెలియనివాడి చేతికి తాళంచెవి ఇచ్చేవారికి భయం సహజం. ఆ భయం తీర్చడానికి వారడిగే కాగితాన్ని ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు సంపాదించుకోవచ్చు. సంపాదించుకోలేనిదాన్ని అడిగితేనే చిక్కు.

అలాగని వీళ్ళు కాగితమే చూస్తారు, పేరు చూడరు అనుకోనక్కరలేదు. 2017లో ‘డెర్ ష్పీగల్’ పత్రికా, బవేరియా ప్రసార సంస్థా కలిసి ఒక పరీక్ష చేశాయి. పది పెద్ద నగరాల్లో అద్దె ప్రకటనలకు కల్పిత పేర్లతో దాదాపు 20,000 విచారణలు పంపాయి. అన్నీ మంచి జర్మన్‌లో రాసినవే, పేర్లే వేరు. కొన్ని జర్మన్ పేర్లు, కొన్ని అరబ్బీ, టర్కీ తదితర పేర్లు. అరబ్బీ, టర్కీ పేర్లవారికి ఇల్లు చూడ్డానికి పిలుపులు బాగా తగ్గాయి. అన్ని నగరాల్లోకీ ఆ తేడా ఎక్కువగా కనిపించింది నేనుంటున్న మ్యూనిక్‌లోనే. అంటే ఆ పెద్దావిడ నా ఫైలు తెరవకముందే, మరికొందరు నా పేరు చూసి మూసేసి ఉంటారు. తల్లాడలో తలుపులు తెరిపించే నా ఇంటిపేరు ఇక్కడ తలుపులు మూయించే పేర్ల జాబితాలో చేరిందన్నమాట. మన మిత్రులు ‘జాతి వివక్ష’ అంటూ మండిపడేది దీని మీదే. మండిపడవలసిందే.

ఆ మంటలోంచి కొంత మన ఊరి వైపు కూడా మళ్ళించాలన్నది నా మాట.

మా తల్లాడ అడ్డరోడ్ల ఊరు. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడ చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి వైపు; ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం బొగ్గుగనుల వైపు. ఇలాంటి ఊళ్ళో అద్దెకొచ్చేవాళ్ళకు కొదవుండదు. టీచర్లు, బ్యాంకువాళ్ళు, నర్సులు, పురుగుమందుల కంపెనీ కుర్రాళ్ళు. వాళ్ళను ఎవరూ జీతం చీటీ అడగరు. “మీదే ఊరు?” అంటారు. చెబితే, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళు మీకేమవుతారంటారు. తరవాత ఇంటిపేరు. ఆ తరవాత నీసు తింటారా అని. అప్పటికీ తేలకపోతే గొంతు కొంచెం తగ్గించి, “మనవాళ్ళేనా?” అంటారు. ఇంత సంభాషణలోనూ కులం అన్న మాట ఒక్కసారి కూడా దొర్లదు. తేలాల్సింది తేలాక, “అయ్యో, మొన్ననే ఒకరికి మాటిచ్చేశామండీ” అంటారు. టులెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

పల్లెటూళ్ళ సంగతి, పట్నాల్లో ఇదంతా పోయిందనేవాళ్ళున్నారు. సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఫోను మీదా, స్వయంగా వెళ్ళీ ఇళ్ళు అడిగించి చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. దళితులకూ ముస్లిములకూ ఇల్లు దొరకడం ఎంత గగనమో, దొరికినా ఎన్ని షరతులుంటాయో అందులో ఉంది.

వందేళ్ళ వెనక్కి వెళితే అంబేద్కర్ కథ ఉంది. న్యూయార్కులో, లండన్‌లో చదువుకుని, 1917లో ఆయన బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆ విదేశాల్లో గడిపిన ఏళ్ళు తాను అస్పృశ్యుణ్ణన్న సంగతే మరిపించాయని ఆయనే రాసుకున్నారు. బరోడా స్టేషనులో దిగగానే అది గుర్తొచ్చింది, ఎక్కడ ఉండాలన్న ప్రశ్నతో. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితులను, ఒక హిందువునూ ఒక క్రైస్తవుణ్ణీ, ఆశ్రయం అడిగితే ఇద్దరూ మాట దాటేశారు. బొంబాయి రైలు వేళ దాకా పార్కులో కూర్చుని, అదెక్కి వెళ్ళిపోయారు. ఈ సంగతి ఉన్న రచనకు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరు. స్వదేశంలో ఇల్లు దొరకనివాడు తన అనుభవాలకు వీసా అన్న మాటను పేరుగా పెట్టుకోవడంలోని చేదు, వీసా వరసల్లో నిలబడిన మనకు తెలియాలి.

చట్టాల సంగతి చూద్దాం. జర్మనీలో 2006లో వచ్చిన సమాన వ్యవహార చట్టం, జాతి మూలాన్ని బట్టి అద్దె నిరాకరించడం తప్పంది. కానీ ఇల్లిచ్చేవారో వారి బంధువులో అదే ఆవరణలో కాపురముంటే ఆ నియమం వర్తించదని మినహాయింపు పెట్టింది. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర వివక్ష కూడదంది. ఒకరి సొంత ఇంటి గేటు దాకా రాలేదు. 2005లో అహ్మదాబాదు పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వం తమవారికే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. ఎవరికి ఇవ్వము అనే ప్రశ్న జోలికి పోలేదు.

ఆ జర్మన్ మినహాయింపు చదివినప్పుడు నాకు మా అమ్మ గొంతు వినిపించింది. రెండేళ్ళ క్రితం మా వెనక పోర్షను కోసం బదిలీ మీద వచ్చిన ఒక టీచరు అడిగారట. అమ్మ ఇంటిపేరు అడిగింది, ఆయన చెప్పారు, పోర్షను ‘మొన్ననే’ ఎవరికో ఇచ్చేశామంది. ఈ సంగతి నాతో ఫోనులో మామూలు కబురులాగే చెప్పింది. నేను గొడవపడ్డాను. అమ్మ వాదన ఇదీ: “బోరు ఒకటే, వాకిలి ఒకటే, దండెం ఒకటే. రేపు చుట్టాలొస్తే నేనేం చెప్పుకోను? నువ్వు అక్కడ కూర్చుని ఎన్నయినా చెప్తావు.”

జర్మన్ చట్టసభ కూడా దాదాపు ఇదే వాదనకు తలవంచింది, భాషే మర్యాదగా ఉంది. నేను మాత్రం ఒప్పుకోలేను. ఆ మినహాయింపును వాడుకునే అవకాశం మా పెద్దావిడకు పూర్తిగా ఉంది. మెట్లు ఒకటే, బట్టలుతికే గది ఒకటే, నా పోపు ఘాటు నేరుగా ఆవిడ కిటికీలోకే పోతుంది. ఆవిడ వాడుకోలేదు. నేనివాళ ఈ గోడల మధ్య ఉండడానికి అదొక్కటే కారణం. ఇదంతా అమ్మకు చెప్పాను. “ఆమెకు మన చుట్టాలు తెలియదు గదా” అంది. దానికి నా దగ్గర సమాధానం లేకపోలేదు గానీ, ఫోనులో ఇమిడేది కాదు.

పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు పోర్షనుకు సున్నం వేయించి, గేటుకు కొత్త బోర్డు నేనే కట్టాను. అమ్మా నేనూ కూర్చుని, వచ్చినవాళ్ళను ఏమేం అడగాలో అనుకున్నాం. ఎందరుంటారు, ఎక్కడ పని, అద్దె ఏ తారీఖున ఇస్తారు, బండి ఎక్కడ పెడతారు. ఇంటిపేరు వద్దన్నాను.

“మరి ఏమని పిలుస్తార్రా మనిషిని?” అంది అమ్మ.

పేరు పెట్టి పిలవమన్నాను. ఆలోచిస్తానంది. బోర్డు ఇంకా ఉంది, అడగడానికి ఇంతవరకూ ముగ్గురొచ్చారట.