ఎవరూ క్లిక్ చేయని పని ఎవరు చేస్తారు?

రెజ్యూమెలో ‘ఈ-కామర్స్ వెబ్‌సైట్’ అనే ప్రాజెక్టు కనిపిస్తే ఫ్రెషర్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఒక కస్టమర్ మీ సైట్‌లో చివరి చీర ఆర్డర్ పెట్టాడు. స్టాక్ సున్నా అయింది. యూపీఐ పేజీ దాకా వెళ్లి, డబ్బు కట్టకుండానే ఫోన్ పక్కన పడేశాడు. ఆ చీరను మళ్లీ స్టాక్‌లోకి ఎవరు తెస్తారు?’

లాగిన్, కార్ట్, అడ్మిన్ డ్యాష్‌బోర్డ్ గురించి అప్పటిదాకా గడగడా చెప్పినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ‘అడ్మిన్ చూసి మార్చుకుంటారు సర్’ అంటారు కొందరు. రాత్రి రెండు గంటలకు ఏ అడ్మిన్ మేలుకుని ఉంటాడండీ?

తప్పంతా విద్యార్థులదే అనను. మన ప్రాజెక్టులన్నీ బటన్ చుట్టూ తిరుగుతాయి. ఎవరో నొక్కితే ఏదో జరుగుతుంది. పైగా అవి లోకల్‌హోస్ట్‌లో నడుస్తాయి కాబట్టి వాటికి రాత్రనేది ఉండదు. వైవా అయిపోయి ల్యాప్‌టాప్ మూస్తే దుకాణం కూడా మూసినట్టే. నిజమైన ఆన్‌లైన్ దుకాణంలో మాత్రం సగం పని ఎవరూ ఏదీ నొక్కనప్పుడే జరుగుతుంది. కట్టని ఆర్డర్ల రద్దు, ఆఫర్ ధరల మార్పు, ఈమెయిళ్లు, సైట్‌మ్యాప్, రిపోర్టులు... వీటిని టైమ్ ప్రకారం నడిపేవే షెడ్యూల్డ్ టాస్కులు. కోడింగ్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇంకో ఫ్రేమ్‌వర్క్ నేర్చుకునే ముందు వీటి మీద ఓ నెల పెట్టాలని నా అభిప్రాయం.

లినక్స్ సర్వర్లలో ఈ పనికి ఎక్కువగా వాడేది క్రాన్. 1970ల నాటి యూనిక్స్ నుంచి వస్తున్న పాత పనిముట్టే. ఒక్క లైనులో ఐదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ తర్వాత నడపాల్సిన కమాండ్. నేర్చుకోడానికి అరగంట చాలు. మెజెంటో లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ అయితే ఈ క్రాన్ లేకపోతే దాదాపు కుంటిదే. దాని డేటాబేస్‌లో క్రాన్ పనులకు ఓ టేబుల్ ఉంటుంది. ఏ పని పెండింగ్, ఏది సక్సెస్, ఏది మిస్డ్, ఏది ఎర్రర్ అన్నది అక్కడే కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌ది ఇంకో తీరు. వర్డ్‌ప్రెస్‌కు సొంతంగా ఉన్న క్రాన్, ఎవరైనా సైట్ తెరిచినప్పుడే మేలుకుంటుంది. రాత్రంతా ఒక్కరూ రాకపోతే అర్ధరాత్రి పని పొద్దున మొదటి కస్టమర్ వచ్చాక నడుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు దాన్ని ఆపేసి, సర్వర్ క్రాన్‌తో పిలిపిస్తారు.

లైను రాయడం తేలికే. నన్ను ఇబ్బంది పెట్టింది గడియారం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓ బట్టల దుకాణం సైట్‌లో పండగ ఆఫర్ రాత్రి 12 గంటలకు ముగిసేలా టాస్క్ పెట్టాను. సర్వర్ టైమ్ యూటీసీలో ఉందని చూసుకోలేదు. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కదా! ఆఫర్ ముగిసింది తెల్లవారుజామున 5:30కి. ఆలోపు వచ్చిన ఆర్డర్లన్నీ తగ్గింపు ధరకే ఇవ్వాల్సి వచ్చింది. నేను రాయాల్సింది 30 18 * * * అని. రాసింది 0 0 * * * అని. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

మళ్లీ ఆ చీర దగ్గరికి వద్దాం. ‘గంట దాటిన ఆర్డర్లను క్రాన్ రద్దు చేసి స్టాక్ కలుపుతుంది’ అంటే సగం మార్కులు. ఆ గంట అనేది కూడా ఆలోచించి పెట్టాల్సిన అంకెే: వూకామర్స్‌లో డిఫాల్ట్ 60 నిమిషాలు, మెజెంటోలో 480. మిగతా సగం మార్కులు తర్వాతి ప్రశ్నలకు. అదే టాస్క్ పొరపాటున రెండుసార్లు నడిస్తే ఒక్క చీరకు స్టాక్ రెండు పెరుగుతుందా? మొదటిది ముగియకముందే రెండోది మొదలైతే? కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అయి, మన సైట్‌కి కబురు ఆలస్యంగా వస్తే? రద్దు చేసే ముందు పేమెంట్ గేట్‌వేని అడగాలని చెప్పిన అమ్మాయి ఒకరే గుర్తున్నారు నాకు. ఆమె కోడ్ అంత గొప్పగా లేదు. అయినా తీసుకున్నాం.

‘క్రాన్ లైన్ చాట్‌జీపీటీ రాసిస్తుంది కదా’ అంటారా? రాసిస్తుంది. చేత్తో నడిపితే బాగా నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో ఎందుకు పడిపోతుందో కూడా అడిగితే చెబుతుంది. కానీ పడిపోయిందని ముందు మీకు తెలియాలిగా! చాలామంది ఔట్‌పుట్‌ని, ఎర్రర్లను కలిపి డెవ్‌నల్‌లోకి పారేస్తారు. ఇక ఆ టాస్క్ ఆరు నెలలుగా చచ్చిపడి ఉన్నా చెప్పే దిక్కుండదు. లాగ్ రాయించడం, ఆగిపోతే మెయిల్ వచ్చేలా చేయడం ఎవరో అడిగితే చేసే పనులు కావు. ఇంకోటి: క్రాన్‌టాబ్ పక్కన హైఫన్ ‘ఈ’ కొడితే ఫైలు తెరుచుకుంటుంది, హైఫన్ ‘ఆర్’ కొడితే అన్ని టాస్కులూ ఊడిపోతాయి. మామూలుగా ‘ఖాయమేనా’ అని కూడా అడగదు. కీబోర్డు మీద ఆ రెండు అక్షరాలూ పక్కపక్కనే. ముందు ఓ కాపీ తీసి పెట్టుకోండి.

డెవలపర్ పోస్టు రాక సపోర్ట్‌లో ఆఫర్ వస్తే మనవాళ్లు మొహం మాడ్చుకుంటారు. నైట్ షిఫ్టుల కష్టం నిజమే, ఆరోగ్యం చూసుకోవాలి. కానీ ఏ టాస్క్ ఎందుకు ఆగిందో రాత్రిపూట వెతికినవాడికి ఆ సాఫ్ట్‌వేర్ లోపలి సంగతులు పట్టుబడినంతగా, పగలు ఒక్క స్క్రీన్ డిజైన్ చేస్తూ కూర్చున్నవాడికి పట్టుబడవు. వేరే దారి లేనప్పుడు ఆ ఆఫర్‌ను తోసిపుచ్చకండి.

వూకామర్స్ ఉచితమే. ఓ సర్వర్‌లోనో, ల్యాప్‌టాప్‌లో వేసుకున్న లినక్స్‌లోనో పెట్టి, ఒక వస్తువుకు స్టాక్ 1 అని ఇవ్వండి. రాత్రి టెస్ట్ మోడ్‌లో ఆన్‌లైన్ పేమెంట్ పేజీ దాకా వెళ్లి, కట్టకుండా ట్యాబ్ మూసేయండి. సిస్టమ్ ఆన్‌లోనే ఉంచి పడుకోండి. పొద్దున లేచి ఆ ఆర్డర్ రద్దయిందో లేదో చూడండి. కాకపోతే ఇంకా మంచిది. ఎందుకు కాలేదో వెతకడానికి శనివారం రాత్రి మొదలుపెట్టండి, ఆదివారమంతా మీదే.