మాట యొక కొలబద్ద: ప్రత్యక్షపరిశోధనమున భాషాశాఖల బాధ్యత

ఎదుటి వస్తువును చూచి, కొలిచి, లెక్కించి, ఆ లెక్కనుండి సిద్ధాంతమునకు పోవు మార్గమును ప్రత్యక్షపరిశోధన మనుచున్నాము. వాణిజ్యశాస్త్రము, పర్యావరణపరిశీలనము, వైద్యశాస్త్రము నేడీ మార్గముననే నడచుచున్నవి. భాషాసాహిత్యశాఖలవారమగు మనము దీనిని పరుల సొత్తుగా నెంచి దూరముగా నిలుచుచున్నాము. ఈ యెడబాటు మనకును, ఆ శాస్త్రములకును, అన్నింటికంటె ముఖ్యముగా ఆ పరిశోధనలకు లోనగు జనులకును హానికరమని నా యభిప్రాయము. ఆ శాస్త్రములవారు వాడు కొలబద్దలలో ననేకములు లోహముతో గాక మాటలతో చేసినవి. మాటల కొలబద్దను సరిచూచు పని మనది.

కొలుచు సాధనము సరిపడిన పిమ్మటనే జ్ఞానము ముందునకు సాగుననుటకు మనవాడే యొకడు నిదర్శనము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తాదులందలి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ కొలత చేతికి వచ్చిన తరువాతనే, 1927లో, కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము వారికి చిక్కినది. మొదట కొలబద్ద, తరువాత సత్యము. ఈ క్రమము తలక్రిందులైనచో పరిశోధనము కేవల మంకెల ప్రదర్శనమగును.

నేను పనిచేయు ఢిల్లీ నగరమున శీతకాలము వచ్చినదనిన గాలి లెక్కయే పత్రికలకు ముఖ్యవార్త. 2015 ఏప్రిలులో జాతీయ వాయునాణ్యతాసూచి అమలులోనికి వచ్చినది. రెండున్నర మైక్రానులకు మించని సూక్ష్మధూళి ఘనపుమీటరు గాలిలో ఇరువదినాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశపు నియమము. ప్రపంచారోగ్యసంస్థ 2021లో సూచించిన హద్దు 15. తక్కువ వెలకు దొరకు చిన్న సెన్సారులు ధూళికణములపై పడి చెదరు కాంతినిబట్టి లెక్కకట్టును. గాలిలో తేమ హెచ్చినపుడు కణములు నీటిని పీల్చి యుబ్బును; యంత్రము ధూళియే హెచ్చినదని చెప్పును. అందుచే దానిని ప్రామాణికయంత్రము సరసన కొంతకాలముంచి, తేడాను గణించి, దిద్దినగాని శాస్త్రజ్ఞు లా యంకెను విశ్వసింపరు. యంత్రము విషయమున చూపు నీ జాగ్రత్త ప్రశ్నపత్రము విషయమున చూపుచున్నారా యనునదే నా ప్రశ్న.

వాణిజ్యపరిశోధకులు 1932లో రెన్సిస్ లైకర్ట్ రూపొందించిన అయిదు మెట్ల కొలమానమును విరివిగా వాడుచున్నారు. పూర్తిగా అంగీకారము మొదలు పూర్తిగా అనంగీకారము వరకు అయిదు గళ్లు, మధ్యగడి తటస్థము. మన కిరాణాకొట్టు యజమానిని వ్యాపార మెట్లున్నదని యడిగినచో "పరవాలేదు" అనును. ఈ పరవాలేదునకు ఏ గడి? స్వరమునుబట్టి అది సంతృప్తియు కావచ్చును, సహనమును కావచ్చును, నిరాశయు కావచ్చును. మరియొకడు "ఏదో నడుస్తోంది" అనును. లాభము నోటితో చెప్పినచో దృష్టి తగులునని వెనుదీయు మర్యాద యది. దానిని నష్టముగా వ్రాసికొన్న విద్యార్థి వ్యాపారమును కొలువలేదు, వినయమును కొలిచినాడు.

ప్రభుత్వపు లెక్కలందును ఇదే చిక్కు. జాతీయ నమూనా సర్వే 1950లో ఆరంభమైనది. 2017 నుండి శ్రామికబలపు సర్వే నియతకాలికముగా జరుగుచున్నది. ఇంటిపనులు మాత్రమే చేయువారికి అందు 92 అను సంకేతము. ఇంటిపనులతో పాటు కట్టెలు, పశుగ్రాసము వంటివానిని సేకరించువారికి 93. రెండును శ్రామికబలమునకు వెలుపలివే. గేదెను మేపి, పాలు పితికి, కేంద్రమునకు పోసి వచ్చు ఇల్లాలిని "మీరేం పని చేస్తారమ్మా" యని యడిగినచో "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అనును. ఆమె దృష్టిలో పని యనగా కూలి, లేదా ఉద్యోగము. సర్వే నిర్వచనము ప్రకార మామె శ్రామికురాలే; పని యను మాటకు గల లోకార్థముచేత లెక్కనుండి జారిపోవును. ఇది గణితదోషము కాదు, అర్థదోషము.

వైద్యశాస్త్రమున మనోవ్యాకులతను కొలుచు ప్రశ్నపత్రములు ఆంగ్లమునుండి దిగుమతియైనవి. వానిని తెలుగు చేయువారు నిస్పృహ, విషాదము, కుంగుబాటు వంటి మాటలను వాడుదురు. రోగి చెప్పునది వేరు: బెంగ, దిగులు, గుండె బరువు, మనసు బాగులేకపోవుట. ఇవి పర్యాయములు కావు. దూరమైన మనిషికొరకు, ఊరికొరకు పడునది బెంగ. రానున్నదానిని తలచి కలుగునది దిగులు. బెంగపడినవానిని విషాదముతో నున్నావా యని యడిగినచో లేదనును; వైద్యుడు ఆరోగ్యవంతుడని వ్రాసికొనును. 1970లో బ్రిస్లిన్ ప్రచారములోనికి తెచ్చిన ప్రత్యనువాదపద్ధతి ఇందుకు చాలునని కొందరందురు. ఆంగ్లమునుండి తెలుగునకు, ఆ తెలుగునుండి మరియొకరిచే మరల ఆంగ్లమునకు మార్చి రెండును సరిపోల్చుట ఆ పద్ధతి. అది ఇద్దరు విద్యావంతులు ఒకరినొకరు గ్రహించిరని చూపునే గాని వినువాడు గ్రహించెనని చూపదు.

ఈ యుపేక్ష ఎంతవరకు పోగలదో ఖమ్మముజిల్లా చూచినది. 2009లో, నాటి ఆంధ్రప్రదేశమున, పాత్ అను సంస్థ భారత వైద్యపరిశోధనమండలి, రాష్ట్రప్రభుత్వములతో కలిసి పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకా నిప్పించినది. 2010 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము దానిని నిలిపివేసినది. కొందరు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణసంఘము చెప్పలేదు; కాని అంగీకారము పొందిన తీరును తప్పుపట్టినది. పార్లమెంటు స్థాయీసంఘము 2013లో నివేదిక సమర్పించినది. అందు పేర్కొన్న 9,543 అంగీకారపత్రములలో 1,948 వేలిముద్రలు గలవి. 2,763 పత్రములపై తలిదండ్రులకు మారుగా వసతిగృహముల వార్డెనులు సంతకముచేసిరి. అది పరిశీలనాధ్యయనమా, ఔషధపరీక్షయా యనుటయే పెద్దవివాదమైనది.

భాషావేత్తలు ఇచట నొకింత నిలిచి యాలోచింపవలెను. ప్రయోగ మనగా తెలుగున వాడుటయు నగును, ఫలితము తెలియక చేసి చూచుటయు నగును. పరీక్ష యనగా వసతిగృహబాలికకు ముందుగా స్ఫురించునది బడిపరీక్ష. పైగా భద్రాచలప్రాంతమున అనేకకుటుంబముల యింటిభాష కోయ. తెలుగు వారికి బడిభాష. మాట కిన్ని పొరలున్నచోట, ఆ తల్లికి ఏమి చెప్పబడినది, ఆమె యేమి గ్రహించినది యనుటకు సంతకము సాక్ష్యము కానేరదు. పత్రమున అంగీకారమున్నది, అవగాహన ఉన్నదో లేదో కొలిచినవారు లేరు.

ఈ పని మనకు చేతకానిదేమియు కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిప్రాంతపు సవరలతో ఏండ్లతరబడి మెలగి, విన్నది విన్నట్లు వ్రాసికొని, 1931లో సవరభాషాగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించెను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశపు తొలిసంపుటమును, 1971లో చేనేతపదములతో రెండవసంపుటమును ప్రకటించినది. అవి గ్రంథములనుండి యేరిన పదములు కావు. రైతునడిగి, నేతగానినడిగి, జిల్లాజిల్లాకు మారు రూపములను గుర్తించి కూర్చినవి. ప్రత్యక్షపరిశోధన మనుపేరు పెట్టకున్నను అదియే యది. ఆ దారిని మనము కొనసాగింపక, గ్రంథపరిష్కరణమునకు, కావ్యవిమర్శమునకు పరిమితులమైతిమి. ఆ రెండును విలువగలవే. అవి మాత్రమే చాలవు.

సాహిత్యాచార్యులకు గణాంకములతో నేమిపని యని ఆక్షేపింపవచ్చును. గణాంకములు గణకులే చూచుకొందురు. అంకెకు పూర్వమున్న మాటను చూడుమని మాత్రమే నేను కోరుచున్నాను. పరిశోధనము ఆలస్యమగునని మరియొక యాక్షేపణ. గాలియంత్రమును దిద్దుటకు వెచ్చించు కాలమును ప్రశ్నపత్రమునకు వెచ్చింపలేమనుట న్యాయము కాదు. మేలు ఏకపక్షమును కాదు. ఈ పద మా జిల్లాలో లేదు, ఈ రూపము ఆధునికము, అని లెక్కచూడకయే తీర్పులిచ్చు అలవాటు మనకును కలదు. వారినుండి మనము నేర్వవలసిన దది.

నా సూచనలు మూడు. మొదటిది: నొప్పి, జ్వరము, నీరసము, దిగులు, పని, అప్పు, లాభము వంటి పదములకు జిల్లాలవారీగా జను లిచ్చు అర్థమును వారినే యడిగి గ్రహించిన కోశమును ప్రతిభాషాశాఖయు తయారుచేయవలెను. రెండవది: ఒక్క ప్రశ్నపత్రమును చేతబట్టి, దానిని విన్నవారిచే తమమాటలలో తిరిగి చెప్పించి, ఏ వాక్య మెచట చెడినదో నిరూపించు వ్యాసమును పిహెచ్.డి. పట్టమునకు అర్హమైనదిగా గుర్తింపవలెను. మూడవది: పాల్గొనువారికి తెలిసిన భాషలో అంగీకారము పొందవలెనని వైద్యపరిశోధనమండలి 2017 నాటి నియమావళి చెప్పుచున్నది. తెలిసిన భాష యేదో నిర్ణయించు నైతికసంఘములందు ఆ భాషను శాస్త్రముగా చదివినవాడొకడు కూర్చుండవలెను. పిలుపుకొరకు వేచియుండక మనమే పోయి అడుగవలెను.

ఇది తెలుగునకు మాత్రమే చెందిన మాట కాదు. తమిళము, ఒడియా, మరాఠీ, సంతాలీ మాటాడు తల్లులును ఇట్టి పత్రములపైననే వేలిముద్ర వేయుచున్నారు. ఆ ముద్రక్రింద నున్న వాక్యము వారికి తెలియునట్లు వ్రాయబడినదో లేదో చూచుట భారతీయభాషాపండితుల కర్తవ్యము. విజ్ఞులు దీనిని చర్చింతురుగాక.