కప్పల తక్కెడ

కుదరని పనిని మన పెద్దలు ‘కప్పల తక్కెడ’ అన్నారు. ఒకదానిని పళ్ళెంలో వేసి రెండవదానికోసం వంగేసరికి మొదటిది దూకిపోతుంది. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, జంతుశాస్త్రజ్ఞుల అవస్థ చూసి పుట్టించినట్టే వున్నది. మన మెట్టపొలాలలో బతికే ఒక చిన్న కప్పను ఏ పళ్ళెంలో వేయాలా అని వారు రెండు వందల యేళ్ళుగా తూస్తున్నారు. తూకం ఇంకా ముగియలేదు. ఈ నెల పాఠకులతో ఆ సంగతి ముచ్చటిద్దామనుకున్నాము.

తొలకరి కురిసిన రాత్రి, నిన్నటిదాకా దుమ్ము రేగిన బీటిలో ఒక్కసారిగా కప్పలు బెకబెకమంటాయి. ఇవి ఎక్కడినుంచి వచ్చాయని పిల్లలు అడుగుతారు. ఆకాశంనుంచి కాదు, మన కాళ్ళ కిందినుంచే. ఈ కప్ప పొట్టిది, గుండ్రనిది. దీని వెనుక పాదం అడుగున పారవంటి గట్టి బుడిపె ఒకటి వుంటుంది. దానితో వెనక్కు వెనక్కు తవ్వుకుంటూ భూమిలోకి దిగిపోతుంది. ఎండాకాలమంతా మట్టిలోనే గడిపి, వానకు పైకి వచ్చి, నీరు నిలిచిన గుంటలలో గుడ్లు పెడుతుంది. గుంట ఎండేలోగా తోకకప్పలు పెరిగి కాళ్ళు తెచ్చుకోవాలి. గనుల ఊరివారమైన మనకు ఈ పనితనం ఎవరూ వివరించనక్కర లేదు. మనవారు ఛాంపియన్ రీఫులో 3 కిలోమీటర్లకు పైగా దిగినది బంగారంకోసం. ఈ కప్ప దిగేది పిసరంత చెమ్మకోసం. అంతే తేడా.

శాస్త్రంలో ప్రతి ప్రాణికి రెండు పేర్లు. ముందు ప్రజాతి పేరు, తరువాత జాతి పేరు. తెలుగువారికి ఇది వింత కాదు. మనమూ ఇంటిపేరు ముందు వ్రాసి, పెట్టిన పేరు తరువాత వ్రాస్తాము గదా! చిక్కంతా ఆ ఇంటిపేరుతోనే వచ్చింది.

1799లో ష్నైడర్ అనే జర్మన్ పండితుడు దీనిని ‘రానా బ్రెవిసెప్స్’ అన్నాడు. ఆ రోజులలో లోకంలోని కప్పలలో చాలావాటికి రానా అనేదే ఇంటిపేరు. 1853లో జెర్డన్ దొర, కొంతకాలం మన నెల్లూరులో వైద్యుడుగా వున్నవాడే, ఇటువంటి కప్పకే ‘ప్లువియాలిస్’ అని పేరు పెట్టాడు. వానకు సంబంధించినది అని దాని అర్థం. 1859లో లండనులోని గుంతర్ ‘స్ఫీరోథీకా’ అనే కొత్త ఇంటిపేరు ఇచ్చాడు. అది నిలవలేదు. తరువాతివారు దీనిని మళ్ళీ రానాలో కలిపారు. ఆ పైన ఆఫ్రికాలోని తవ్వుడు కప్పల ప్రజాతి అయిన ‘టోమోప్టెర్నా’లో చేర్చారు. రెండింటికీ కాలికింద అదే పార, అదే గుండ్రని ఒళ్ళు. ఒకే ఇంటివని ఎవరైనా అనుకుంటారు.

కాని చేతి పనిముట్టును చూసి చుట్టరికం కలపవచ్చునా? మన గనులలో కార్నవాల్ దొరలూ, తెలుగువారూ, తమిళులూ గని పనిముట్లు పట్టారు. అంతమాత్రాన ఒక్క ఇంటివారయినారా? పని ఒకటైతే పనిముట్టు ఒకటవుతుంది. 2000 సంవత్సరం ప్రాంతంలో కప్పల డి.ఎన్.ఎ. చదివి చూస్తే తేలినది ఇదే. ఆఫ్రికా కప్పది వేరే కుటుంబం. మన కప్ప మన చెరువులలోని బోదురు కప్పకు దాయాది. గట్టినేలలో బతకవలసి వచ్చి రెండు ఖండాలలోనూ విడివిడిగా పారలు పుట్టాయి. గుంతర్ ఇచ్చిన ఇంటిపేరు మన కప్పకు తిరిగి దక్కింది.

ఇల్లు తేలిన తరువాత ఇంట్లోవారి లెక్క మొదలయింది. ఒక్క బ్రెవిసెప్స్ అని అందరూ పిలిచినది ఒక్కటి కాదని బయటపడింది. 2017లో మహారాష్ట్రనుంచి ‘పశ్చిమ’, 2019లో జార్ఖండునుంచి ‘మగధ’ అనే జాతులను వేరు చేశారు. 2020లో మన కోలారుకు పడమరగా, బెంగుళూరు శివారు రాజానుకుంటెలో దొరికిన కప్పకు ‘స్ఫీరోథీకా బెంగళూరు’ అని పేరు పెట్టారు. అది కీకారణ్యంలో దొరకలేదు. నగరం మింగివేస్తున్న బయలు భూమిలో దొరికింది.

పేరు మారితే కప్పకు ఒరిగేదేమిటని పాఠకులు అడగవచ్చు. ఒరిగేది వున్నది. దేశమంతటా వున్నది ఒకే జాతి అనుకున్నంతకాలం, ఒక ఊరి బీడు పోయినా ‘ఇంకొకచోట వున్నదిలే’ అని నిశ్చింతగా వుండవచ్చు. అది ఆరేడు జాతులని తేలిన మరునాడు ఒక్కొక్కదాని వాటా చిన్నదయిపోతుంది. అప్పుడు ఒక బీడు మీద ఇళ్ళు లేచిపోతే, ఇంకొకచోట లేనిది పోయినా పోవచ్చు. పేరు లేనిది పోతే పోయినట్టు కూడా ఎవరూ వ్రాసుకోరు.

పేరుతోపాటు ఆనవాలు కూడా నిలవాలి. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో సి.ఆర్. నారాయణరావుగారు దక్షిణదేశపు కప్పలకు ఎన్నింటికో పేర్లు పెట్టారు. 1932లో ‘కరెంట్ సైన్స్’ పత్రికకు తొలి సంపాదకులు వారే. వారు భద్రపరచిన నమూనా కప్పలు మాత్రం తరువాత కనబడకుండా పోయాయి. ఆయన చెప్పినది ఏ కప్పనో తేల్చుకోవడానికి పిన్నలు ఎన్నో తంటాలు పడవలసి వచ్చింది. 2010లో ఒక పొదకప్పల ప్రజాతికి ‘రావోర్కెస్టిస్’ అని ఆయన పేరు పెట్టి, అదే కరెంట్ సైన్సులో ప్రకటించారు. గురుదక్షిణ అంటే అదీ.

మన గనులు 2001లో మూతపడ్డాయి. పైన మిగిలినవి బీళ్ళు, కుంటలు, చెరువులు. పనికిరాని నేల అని వీటిని పూడ్చడం సులభం. అయితే వేసవిలో ఆ నేల ఖాళీగా వున్నదని చెప్పడానికి వీలులేదు. కాపురమున్నవారు కింద నిద్రపోతున్నారు.

వానలు రాకపోతే కప్పతల్లిని రోకటికి కట్టి, ఇల్లిల్లూ తిప్పి, నీళ్ళు పోయించిన జాతి మనది. ఇప్పుడు అంత శ్రమ అక్కరలేదు. రాబోయే తొలకరి రాత్రి పిల్లలను వెంటబెట్టుకుని, లాంతరో టార్చిలైటో పట్టుకుని కుంటగట్టుకు వెళ్ళండి. కప్పను పట్టవద్దు, హింసించవద్దు. తేదీ, ఊరు, కుంటపేరు, కూత ఎలా వున్నదీ ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. ఫోటో తీయగలిగితే తీయించండి. ఏటేటా అదే పుస్తకంలో వ్రాయాలి. ఏదో ఒక యేడు కూత వినబడకపోతే, ఆ సంగతి చెప్పడానికి మన ఊళ్ళో ఒక్క సాక్ష్యమైనా వుంటుంది.