లేని లోకాలకు భాషలు

తెలుగు పిల్లలు ఆడుకొనే మాటల ఆట ఒకటుంది. ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చి మాట్లాడడం ఆ ఆట నియమం. ‘నువ్వు రా’ అనవలసిన చోట ‘కనుకవ్వు కరా’ అంటారు. పక్కనున్న పెద్దలకు తమ మాట అర్థం కాకూడదన్నదే వారి ఉద్దేశం. కొంతకాలానికి చదువుల బరువులో పడి ఆ ఆటను మరచిపోతారు. భాషను తన ఇష్టానుసారం మలచుకోవాలన్న కోరిక మనిషికి బాల్యంలోనే పుడుతుందనడానికి ఈ ఆట ఒక నిదర్శనం. ఆ కోరికను జీవితాంతం విడువక, దానికి పాండిత్యాన్ని జోడించినవారు కొందరున్నారు. వారు నిర్మించినవి ఏ దేశపటంలోను కనిపించని ప్రజల భాషలు. కథలలోను చలనచిత్రాలలోను మాత్రమే ఉండే ఊహాలోకాల భాషలు.

ఇటువంటి ప్రయత్నం పట్ల విజ్ఞులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ప్రపంచంలో నేడు సుమారు 7000 భాషలున్నాయి. వాటిలో దాదాపు సగం ఈ శతాబ్దం ముగిసేలోగా మూగవోవచ్చునని పలువురు భాషాశాస్త్రవేత్తలు భయపడుతున్నారు. ఉన్న ఇల్లు కూలిపోతుండగా గాలిలో మేడలు కట్టడమెందుకన్నది కొందరి ఆక్షేపణ. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అయితే గాలిలో మేడ కట్టినవాడు ఆ పనిలో ఇంటిని గురించి ఏమి తెలుసుకొన్నాడో, ఇతరులకు ఏమి తెలియజెప్పగలిగాడో కూడ విచారించాలి. అప్పుడే తీర్పు సమగ్రమవుతుంది.

ఊహాభాషల నిర్మాతలలో అగ్రగణ్యుడు జె.ఆర్.ఆర్. టోల్కిన్ (1892–1973). ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆంగ్లభాషకు ఆచార్యులుగా పనిచేశారు. చిన్నతనంలో తల్లి వద్దనే లాటిన్ భాషకు ఓనమాలు దిద్దారు. తల్లి సోదరి కుమార్తెలిద్దరు జంతువుల పేర్లతో అల్లుకొన్న ఒక రహస్యభాషను విని తాను కూడ ఆ ఆటలో చేరారు. కళాశాలలో చదివే రోజులలో గ్రంథాలయంలో ఫిన్లాండు భాషా వ్యాకరణమొకటి ఆయన చేతికి చిక్కింది. ఆ భాషలోని నాదానికి ముగ్ధులైపోయారు. ఆ మోహం నుండి ‘క్వెన్యా’ అనే ఊహాభాష మొలకెత్తింది. వేల్స్ భాష మీది మక్కువ నుండి ‘సిందారిన్’ రూపొందింది. ఇవి రెండు ఆయన కథలలోని ‘ఎల్ఫు’లనే అమరజాతి మాట్లాడే భాషలు.

1915 ప్రాంతంలోనే ఆయన క్వెన్యాకు పదకోశం కూర్చడం ప్రారంభించారు. మరుసటి సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా ఫ్రాన్సుకు వెళ్ళి సోమ్ యుద్ధరంగాన్ని చూశారు. జ్వరపీడితులై తిరిగివచ్చిన తరువాత కూడ భాషల పని మానలేదు. ‘ది హాబిట్’ 1937లోను, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలు 1954, 1955 సంవత్సరాలలోను వెలువడ్డాయి. కథకు అలంకారంగా రచయిత కొన్ని వింత మాటలను కల్పించి ఉంటాడని పాఠకులు సాధారణంగా భావిస్తారు. జరిగింది దానికి విరుద్ధం. ముందు పుట్టినవి భాషలు. ఆ భాషలు నిలవడానికి ఒక లోకం కావలసివచ్చింది. ఆ లోకం కోసమే కథలు పుట్టాయని టోల్కిన్ స్వయంగా వివరించారు.

ఈ వివరణలో భాషను గురించిన గొప్ప సత్యం దాగి ఉంది. జనం లేనిదే మాట నిలవదు. తెలుగులోని ‘తోడికోడలు’ అనే ఒక్క పదాన్ని తీసుకొంటే చాలు. ఆ మాటను కొత్తగా కల్పించాలనుకొన్నవాడు ముందుగా అన్నదమ్ముల భార్యలు ఒక ఇంట మసలే కుటుంబాన్ని ఊహించాలి. ‘మేనరికం’ అనే మాటకు ఒక వివాహ సంప్రదాయాన్ని, ‘ఏరువాక’ అనే మాటకు తొలకరిని, నాగలిని, దుక్కిటెద్దులను ఊహించాలి. పదకోశంలో ఒక్కొక్క పదం చేరినకొద్దీ ఊహాలోకంలో ఒక్కొక్క ఆచారం, ఒక్కొక్క వృత్తి, ఒక్కొక్క జ్ఞాపకం చేరవలసిందే. మాటల వెనుక మనుషులుంటారన్న సంగతి భాషను కల్పించబోయినవానికి తెలిసినంత స్పష్టంగా భాషను వాడుకొనేవానికి తెలియదు.

టోల్కిన్ మాటలను తోచినట్లు పోగుచేయలేదు. తొలుత ఒక మూలభాషను ఊహించారు. ఆ భాష మాట్లాడే జాతి చీలి వేర్వేరు దిక్కులకు వలసపోయినట్లు, కాలక్రమంలో ఒక్కొక్క శాఖలో ఉచ్చారణ ఒక్కొక్క విధంగా మారినట్లు కల్పించారు. ‘మాట’ అనే అర్థంలో క్వెన్యాలో ‘క్వెత్తా’ అంటారు. సిందారిన్‌లో ‘పెథ్’ అంటారు. పైకి సంబంధం లేనట్లు కనిపించినా ఈ రెండు పదాలు ఒకే ధాతువు నుండి పుట్టినవే. మూలంలోని ‘క్వ’ ధ్వని ఒక శాఖలో నిలిచింది; మరొక శాఖలో ‘ప’గా మారింది. ఇది నిజమైన సోదరభాషల నడకకు అనుకరణ. తెలుగువారి పాలు, పులి, పువ్వు కన్నడిగుల నోట హాలు, హులి, హూవు అయినాయి. కన్నడంలోని ‘కివి’ తెలుగులో ‘చెవి’గా, తమిళంలోని ‘కై’ తెలుగులో ‘చేయి’గా వినిపిస్తాయి. ఈ మార్పులను ఏ పండితుడు ఆసనంపై కూర్చొని నిర్ణయించలేదు. పొలాలలో, సంతలలో, వంటిళ్ళలో తరతరాల జనం తమకు తెలియకుండానే వాటిని నడిపించారు. ఆ నడకను కాగితం మీద అనుకరించడానికి ఒక మహాపండితుని జీవితకాలం వ్యయమైంది.

అంత చేసినా ఆ పని పూర్తికాలేదు. దాదాపు అరువై ఏళ్ళపాటు టోల్కిన్ తన భాషలను దిద్దుతూ, తుడిచివేస్తూ, మళ్ళీ రాస్తూనే ఉన్నారు. ఆయన మరణించే నాటికి కూడ ఆ రెండు భాషలలో ఒక ఇంటి నిత్యవ్యవహారానికి సరిపడే పదసంపద సమకూడలేదు. ఎల్ఫుల పాటలు అందులో ఉన్నాయి. సంతలో బేరమాడడానికి కావలసిన మాటలు లేవు. మరొకవైపు అక్షరజ్ఞానం లేని తల్లి ఒడిలో పెరిగే పసివాడు ఐదేళ్ళు నిండేసరికి ఒక భాషను సమగ్రంగా పట్టుకొంటాడు. అలుగుతాడు, అడుగుతాడు, అబద్ధమాడతాడు, కథ చెప్పమంటాడు. విభక్తులలో తప్పు చేయడు. ఒక మేధావి జీవితకాలంలో నిర్మించలేకపోయినది ఆ పసివానికి ఉచితంగా లభించింది. ఉచితంగా లభించిన కారణం చేతనే దాని విలువ లోకానికి తెలియడం లేదు.

ఉన్న భాషలను విస్మరించి లేని భాషలను పుట్టిస్తున్నారన్న ఆక్షేపణకు అమెరికాకు చెందిన భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ జీవితంలో ఒక సమాధానం లభిస్తుంది. ‘స్టార్ ట్రెక్’ చలనచిత్రాలలో కనిపించే క్లింగాన్ జాతికి 1984లో విడుదలైన చిత్రం కోసం ఆయన ఒక సంపూర్ణ వ్యాకరణాన్ని నిర్మించారు. 1985లో దాని నిఘంటువు వెలువడింది. వాక్యంలో ముందు కర్మ, పిదప క్రియ, చివర కర్త రావడం ఆ భాష ధర్మం. ‘పండు తిన్నాడు రాముడు’ అన్నది తెలుగులో ఒక మాటతీరు మాత్రమే. క్లింగాన్‌లో అదే నియమం. ప్రపంచ భాషలలో మిక్కిలి అరుదైన ఈ క్రమాన్ని ఆయన కావాలనే ఎన్నుకొన్నారు. అభిమానులు ఆ భాషను నేర్చి, షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకాన్ని సైతం 1996లో అందులోకి అనువదించి ప్రచురించారు.

ఇదే ఓక్రాండ్ అంతకుముందు, 1977లో, ముత్సున్ అనే భాషకు వ్యాకరణం రాసి డాక్టరేటు పొందారు. ముత్సున్ కాలిఫోర్నియా ఆదివాసుల భాష. దానిని బాగా ఎరిగిన చివరి వ్యక్తి అసెన్సియోన్ సోలోర్సానో అనే వృద్ధురాలు 1930లో కన్నుమూశారు. ఆమె చివరి రోజులలో జాన్ హారింగ్టన్ అనే పరిశోధకుడు పక్కన కూర్చొని ఆమె నోటి మాటలను రాసుకొన్నారు. ఆ రాతల ఆధారంగానే ఓక్రాండ్ వ్యాకరణం తయారైంది. నేడు ముత్సున్ సంతతివారు తమ పూర్వుల భాషను తిరిగి నేర్చుకొనే ప్రయత్నంలో ఉన్నారు. వారికి ఆ వ్యాకరణం తోడ్పడుతున్నది. మూగవోయిన భాషకు వ్యాకరణం కట్టిన చేయి, పుట్టని భాషకు వ్యాకరణం కట్టిన చేయి ఒక్కటే. నిజమైన భాషల పరిచయం లేనివాడు ఊహాభాషను నిర్మించలేడు. కనుక ఈ రెండు పనులను ఒకదానికొకటి శత్రువులుగా భావించడం తగదు.

అయితే ఊహాభాషల నిర్మాణంలో జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. కథలోని మంచివారికి మృదువైన పలుకులు, క్రూరులకు కర్ణకఠోరమైన ధ్వనులు అమర్చడం పరిపాటి. టోల్కిన్ కూడ ఎల్ఫులకు లలితమైన భాషలనిచ్చి, దుష్టశక్తుల రాజ్యానికి బండబారిన భాషను కేటాయించారు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ చిత్రంలోని కాలకేయుల కోసం తమిళ రచయిత మదన్ కార్కి ‘కిలికి’ భాషను కల్పించారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ నియమాలు గల ఆ భాషలో నాలుకతో చప్పరించినట్లు పలికే ధ్వనులున్నాయి. ప్రేక్షకులకు అవి ఆటవికంగా తోచాయి. కాని దక్షిణాఫ్రికాలో లక్షలాది జనం మాతృభాషలో అటువంటి ధ్వనులు సహజంగా ఉన్నాయి. నెల్సన్ మండేలా మాతృభాష అయిన ఖోసా అటువంటిదే. జాలి పడినప్పుడు, ఎడ్లను అదిలించినప్పుడు తెలుగువారు కూడ నాలుకతో ఆ ధ్వనులనే చేస్తారు. మొరటుతనం ధ్వనిలో లేదు. వినేవాని అలవాటులో ఉంది. తెరమీది కాలకేయుని పలుకుకు నవ్వడంలో దోషం లేదు. ఆ నవ్వు తోటి విద్యార్థి యాస మీదికి, కొండకోనలలోని గిరిజనుల భాష మీదికి మళ్ళినప్పుడు మాత్రం అది అన్యాయమవుతుంది.

ఈ సందర్భంలో 1931వ సంవత్సరం ప్రత్యేకంగా స్మరించదగినది. ఆ ఏడాది నవంబరులో టోల్కిన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చిన్న సభ ముందు నిలిచి, భాషలను కల్పించడం తన రహస్య వ్యసనమని తొలిసారిగా బహిరంగంగా ఒప్పుకొన్నారు. అదే సంవత్సరం మద్రాసులో గిడుగు వేంకట రామమూర్తి రచించిన సవర భాషా వ్యాకరణం ప్రచురితమైంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడైన గిడుగు (1863–1940) నాటి మద్రాసు రాజధానిలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. చుట్టుపట్ల కొండలలో నివసించే సవరలను నాగరికులు చిన్నచూపు చూసేవారు. వారి భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. గిడుగు ఆ భాషను నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. అయినా పట్టు విడువలేదు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది.

టోల్కిన్, గిడుగు ఒకరి పేరు ఒకరు వినినట్లు ఆధారం లేదు. ఒకరు లేని జనానికి మాటలు కూర్చారు. మరొకరు ఉన్న జనం మాటలను లోకం చెవిన వేశారు. ఇద్దరూ భాషను నిశితంగా విన్నవారే. ధ్వనికి ధ్వనికి గల భేదాన్ని, ప్రత్యయానికి ప్రత్యయానికి గల సంబంధాన్ని ఓర్పుతో గుర్తించినవారే. కాని వారి శ్రమఫలాలలో ఒక తేడా ఉంది. టోల్కిన్ తన పదకోశాన్ని అగ్గిపాలు చేసి ఉన్నా, ఒక లోకం ఊహలోనే అంతరించేది. సవర మాటలు అంతరిస్తే కొండమీది చెట్ల పేర్లు, మందుమూలికల గుణాలు, తల్లుల జోలపాటలు, ఒక జాతి ఆత్మగౌరవం వాటితోపాటు అంతరిస్తాయి. వాటిని మళ్ళీ కల్పించగల ప్రతిభ ఏ ఆచార్యునికి లేదు.

కాబట్టి యువకులు ఊహాభాషలను అల్లడం కాలహరణమని నిరుత్సాహపరచనక్కరలేదు. ఒక విద్యార్థి తన ఊహాలోకానికి పది వాక్యాలు కూర్చడానికి పూనుకొంటే, బహువచనం ఎట్లా ఏర్పడాలి, పెద్దలను ఎట్లా సంబోధించాలి, నిన్నటికి రేపటికి తేడాను క్రియలో ఎట్లా చూపాలి అన్న ప్రశ్నలు వెంటనే ఎదురవుతాయి. బరువుగా తోచిన వ్యాకరణ పాఠం ఆనాడు అతనికి పనిముట్టు అవుతుంది. ఆ పనిముట్టు చేతపట్టి తన ఇంటి వైపు తిరిగి చూసినప్పుడే ఆ ఆటకు సార్థకత. తాతమ్మలు వాడే మాటలు, మగ్గం మీద, చేపల వలల దగ్గర, కుమ్మరి సారె వద్ద వినిపించే మాటలు ఇంకా నిఘంటువులకెక్కనివి అనేకం ఉన్నాయి. గోండి, కోలామి, కువి, సవర వంటి గిరిజన భాషలు తెలుగు నేలమీదనే వినిపిస్తున్నాయి. కల్పించవలసిన శ్రమ లేకుండానే సిద్ధంగా ఉన్న లోకాలివి. లేని లోకపు భాషకు చెవి ఒగ్గడం నేర్చిన యువతరం, ఉన్న లోకపు భాషలకు కూడ అంత శ్రద్ధగా చెవి ఒగ్గడం నేర్చుకోవాలి.