108 వచ్చింది, తర్వాత?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ బండి నేడు పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. చిక్కంతా ఆ బండి ఎక్కాకే. హైదరాబాద్–విజయవాడ రహదారిపై తలకు దెబ్బ తగిలిన మనిషిని దగ్గరున్న ఆసుపత్రికి తెచ్చాక, అక్కడ స్కానింగ్ ఉండి న్యూరోసర్జన్ లేకపోతే మళ్లీ రిఫరల్ చీటీ, మళ్లీ బండి. గాయమైన తొలి గంటను ‘గోల్డెన్ అవర్’ అని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టమే అంది. ఆ గంటలో రోడ్డు మీద ఎంత పోయింది, క్యాజువాలిటీ గుమ్మంలో ఎంత పోయింది?

ఈ లెక్క తేలాలంటే పద్దు ఉండాలి. ఇంగ్లండ్‌లో 2012లో ప్రాంతాలవారీగా ట్రామా నెట్‌వర్కులు పెట్టి, తీవ్ర గాయాల కేసుల వివరాలను ఒకే రిజిస్ట్రీకి చేర్చారు. మనకూ అలాంటి పద్దు కావాలి.

ఏటా బడ్జెట్‌కు ముందే ఈ విజయవాడ దారి వెంట ఉన్న ఆసుపత్రులనూ, బ్లడ్ బ్యాంకులనూ, 108 సిబ్బందినీ ఒకచోట కూర్చోబెట్టండి. పోయినేడు దక్కని ప్రాణాల ఫైళ్లు తెరిచి, వచ్చే ఏడాదికి మూడంటే మూడు పనులు ఎంచుకోమనండి. ముప్పై రాస్తే ఫైలే లావవుతుంది. ఆ సమావేశంలో ముందుగా అంబులెన్స్ డ్రైవర్‌ను మాట్లాడనివ్వండి.

ఇట్లు,
ఆ దారిన రోజూ వెళ్లే ఒక ప్రయాణికుడు