కొండలే కాదు, కండలూ కరుగుతాయి

మన తెలుగువాళ్ళం నలుగురం ఒకచోట చేరితే, ఇళ్ళ ధరలూ పిల్లల కాలేజీలూ అయ్యాక మాట షుగరు మీదికి మళ్ళుతుంది. "ఆయన అంత సన్నగా ఉంటాడు కదా, ఆయనకెలా వచ్చింది?" అని ఆశ్చర్యపోతాం. అందులో ఆశ్చర్యమేమీ లేదని మా అభిప్రాయం. మనం తూకంలో అంకె చూసి మురిసిపోతున్నాం. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది చూడడం లేదు.

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణే డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యడ్కిన్ అందులో పక్కపక్కన ఉన్నారు. ఎత్తుకి తగ్గ బరువుని చెప్పే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం! మనలో చాలామందిదీ ఇదే వరస: కాళ్ళూ చేతులూ సన్నం, పొట్ట ముందుకి. ఆసియా సంతతివారికి తక్కువ బరువులోనే ఈ జబ్బు వస్తోందని గమనించి, అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో వారి విషయంలో షుగరు పరీక్ష గురించి ఆలోచించాల్సిన బి.ఎం.ఐ. గీతని 25 నుంచి 23కి దించింది.

ఇంతకీ కండకీ షుగరుకీ సంబంధం ఏమిటి? ఇన్సులిన్ చెప్పినప్పుడు రక్తంలోంచి గ్లూకోజుని లోపలికి తీసుకోవడంలో కండరాలదే పెద్ద చెయ్యి. అవి మన ఒంట్లో గాదెల్లాంటివి. గాదె చిన్నదైతే, లేదా పాత ధాన్యం ఖర్చు కాకుండా నిండే ఉంటే, కొత్త పంట వాకిట్లోనే పడి ఉంటుంది. పని చేస్తున్న కండరమైతే ఇన్సులిన్ పిలుపు కోసం కూడా ఆగదు, తనంతట తానే గ్లూకోజుని లాక్కుంటుంది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రీతి శ్రీకాంతన్, అరుణ్ కర్లమంగ్ల 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. 1988–94 మధ్య అమెరికా ప్రభుత్వం జరిపిన ఆరోగ్య సర్వేలోంచి 13,644 మంది పెద్దవాళ్ళ వివరాలు తీసుకున్నారు. శరీర బరువులో కండరాల నిష్పత్తి 10 శాతం ఎక్కువైన కొద్దీ, షుగరుకి ముందు దశ 12 శాతం తక్కువగా కనిపించింది. వయసు, ఊబకాయం లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇదే ఫలితం. ఇలాంటి సర్వే సంబంధాన్ని చూపిస్తుందే కానీ, కండ పెంచితే షుగరు రాదని హామీ ఇవ్వదు. వంశపారంపర్యం, పొట్ట చుట్టూ కొవ్వు, తిండి, నిద్ర అన్నీ ఉన్నాయి. కానీ వంశాన్ని మార్చుకోలేం, కండని పెంచుకోగలం.

మన తాతలూ అన్నమే తిన్నారు. కానీ వాళ్ళు మేడి పట్టారు, కావడి మోశారు. అమ్మమ్మలు బావిలో నీళ్ళు తోడారు, రోకలి పోటు వేశారు. మనం కారులోంచి కుర్చీలోకీ, కుర్చీలోంచి సోఫాలోకీ మారుతున్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. కొండల సంగతేమో కానీ, కండలు మాత్రం తప్పకుండా కరుగుతాయి. ముప్ఫైలు దాటాక ఆ కరగడం తనంతట తానే మొదలవుతుంది కూడా.

"రోజూ నడుస్తున్నాం కదా" అంటారా? చాలా మంచిది, మానకండి. అయితే నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలం చేకూర్చే వ్యాయామం కూడా చెయ్యమని అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది కుర్రాళ్ళకీ మగవాళ్ళకీ మాత్రమే చెప్పిన మాట కాదు. అమ్మలకీ, ఊరినుంచి వచ్చిన అత్తయ్యలకీ మామయ్యలకీ ఇంకా అవసరం. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ, షుగరు మందులు వాడుతున్నవాళ్ళూ ముందు డాక్టరుని అడగాలి. అలాగే పళ్ళెంలో అన్నం కొండ తగ్గి, పప్పూ పెరుగూ సెనగలూ గుడ్డూ పెరగాలి.

అందుకే మా సూచన ఇది. వారాంతంలో పిల్లలు లోపల గుణింతాలు దిద్దుతున్నంతసేపూ మనం బయట కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటాం. అందులో ఒక్క ఇరవై నిమిషాలు లేచి నిలబడదాం. గోడకి చేతులానించి దండీలు తీద్దాం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చుందాం. ఒకప్పుడు మాస్టారు శిక్షగా తీయించిన గుంజీలు ఇప్పుడు మనంతట మనమే తీద్దాం. క్లాసు అయ్యాక పిల్లల్ని పిలిచి లెక్కపెట్టమందాం, ఒకటి నుంచి ఇరవై దాకా, తెలుగులోనే!