కుట్టు లేకుండా అతుకు!

చిరిగిన చొక్కాకి సూదీదారం. విరిగిన బొమ్మకి ఫెవిక్విక్‌. పగిలిన ప్లాస్టిక్‌ బకెట్‌కి ఎర్రగా కాల్చిన ఇనపచువ్వ. మన ఇళ్లలో దేన్నయినా అతకాలంటే ఈ మూడే దారులు. చిత్రమేమిటంటే ఆపరేషన్‌ థియేటర్లో ఉన్నవీ ఇవే మూడు! కుట్టడం, అంటించడం, వేడితో అతకడం. కాకపోతే అక్కడ తెగింది మనిషి ఒళ్లు.

‘లేజర్‌తో చేస్తే కుట్లుండవట కదా డాక్టర్‌గారూ?’, ‘కుట్లు ఎందుకండీ, జిగురు పెట్టేయరాదూ?’ - మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలి వైపు కొత్త కాపురాలు పెట్టిన కుటుంబాలు ఇప్పుడు ఇలా అడుగుతున్నాయి. అడగడం మంచిదే. అయితే ఏది ఎక్కడ పనికొస్తుందో తెలిసి అడిగితే ఇంకా మంచిది.

ముందుగా ఒక సంగతి. దారమైనా, జిగురైనా, లేజరైనా... గాయాన్ని మాన్పవు. మాన్పుకునేది శరీరమే. ఇవన్నీ స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్‌ లాంటివి. కాంక్రీటు గట్టిపడేదాకా ఆసరాగా నిలబడాలి. ఆ తర్వాత అడ్డు తప్పుకోవాలి. మంచి అతుకు అంటే అదే!

ఈ ఆలోచన నిన్నామొన్నటిది కాదు. పేగు చీలితే అంచులు దగ్గరకు చేర్చి నల్లచీమలతో కరిపించి, తలలు అక్కడే ఉంచేసి మొండేలు తుంచేయమని సుశ్రుత సంహిత చెబుతుంది. జిగురు కథ మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో మొదలైంది. 1942లో తుపాకీ గురి చూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ వెతుకుతున్న కొడాక్‌ రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్‌ చేతికి ముట్టిందల్లా అంటుకుపోయే పదార్థం ఒకటి చిక్కింది. అదే సయనోయాక్రిలేట్‌. అప్పటికి విసుక్కుని పక్కన పెట్టేశారు. 1958లో అది జిగురుగా బజార్లోకి వచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయాలపై చల్లి రక్తం ఆపడానికీ వాడారు. చర్మం అతికించే వైద్య జిగురుకు అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది 1998లో... అంటే మన సైబర్‌ టవర్స్‌ తలుపులు తెరిచిన ఏడాదే!

అయితే ఇంట్లో జిగురూ అదేగా అని వేలు తెగితే దాన్నే పూసేయకండి. కుటుంబం ఒకటే గానీ స్వభావాలు వేరు. బజారు జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. విడిపోతూ కణజాలాన్ని మండించే పదార్థాలు వదులుతుంది. పైగా అది శుభ్రపరచింది కాదు. వైద్య జిగురులో అణువుల గొలుసు పొడవు ఎక్కువ. నిదానంగా విడిపోతుంది. దాన్ని కూడా గాయం లోపల పెట్టరు. అంచులు రెండూ కలిపి పట్టుకుని పైన పూతలా రాస్తారు. ఐదు నుంచి పది రోజుల్లో పొక్కులా దానంతటదే రాలిపోతుంది. పిల్లలకు నుదురు చిట్లితే ఇది పెద్ద వరం. సూది అక్కర్లేదు, కుట్లు విప్పే పనీ లేదు. కానీ మోకాలు, మోచేయి లాంటి వంగే చోట్ల, మట్టి పట్టిన గాయాలకు, కుక్కకాట్లకు జిగురు తగదు.

ఈ జాతి జిగురుకు మరో ప్రాణాధారమైన పని ఉంది. లివర్‌ గట్టిపడిన వారిలో పొట్టలోని సిరలు ఉబ్బి, పగిలి రక్తపు వాంతులవుతాయి. అప్పుడు ఎండోస్కోపు గుండా నేరుగా ఆ సిరలోకే జిగురు ఎక్కించి రక్తాన్ని ఆపుతారు.

రెండో రకం ఫైబ్రిన్‌ జిగురు. ఇది మన రక్తం నుంచి నేర్చుకున్న విద్య. దెబ్బ తగిలినప్పుడు రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను త్రాంబిన్‌ అనే ఎంజైము సన్నని దారాల వలగా మారుస్తుంది. రక్తం గడ్డకట్టడమంటే అదే. ఆ రెంటినీ దానమిచ్చిన రక్తం నుంచి వేరుచేసి, వైరస్‌లు లేకుండా శుద్ధిచేసి, రెండు సిరంజీల్లో ఉంచుతారు. రెండూ కలిసిన క్షణాల్లో జిగురు తయారు! మెత్తగా ఉంటుంది, శరీరం తనలో కలిపేసుకుంటుంది. కంట్లో పెరిగిన కండ తీసేశాక అక్కడ పెట్టే పొరను ఇప్పుడు చాలామంది వైద్యులు దీంతోనే అంటిస్తున్నారు. కుట్లయితే వారాలపాటు ఇసుక పడ్డట్టు గరగరలాడేది.

ఈ జిగురుతో మన హైదరాబాదులో ఓ గొప్ప పని జరిగింది. దాని గురించి తెలుసుకోవాల్సిందే.

తాంబూలం సున్నం, యాసిడ్‌ లాంటివి కంట్లో పడితే నల్లగుడ్డు చుట్టూ అంచులో ఉండే మూలకణాలు కాలిపోతాయి. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను రోజూ కొత్తగా ఉంచేవి ఆ కణాలే. అవి పోతే తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా పాకి వచ్చి చూపును కప్పేస్తుంది. కార్నియా మార్చినా నిలవదు. ఇలా చూపు పోయేవారిలో పిల్లలు ఎక్కువే.

సినీ దర్శక నిర్మాత ఎల్‌.వి.ప్రసాద్‌ విరాళంతో, డాక్టర్‌ గుళ్లపల్లి నాగేశ్వరరావు సారథ్యంలో 1987లో మొదలైన బంజారాహిల్స్‌ ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి దీనికో చికిత్స చేస్తూ వచ్చింది. బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో సుమారు రెండు వారాలు కణాలు పెంచి, కాలిన కంటికి అమర్చడం. ఫలితాలు బాగున్నాయి. కానీ అత్యంత శుభ్రమైన ల్యాబ్‌ కావాలి, నిపుణులు కావాలి, ఖర్చు పెట్టాలి. అన్ని ఊళ్లలో అవెక్కడ దొరుకుతాయి?

అక్కడి వైద్యుడు వీరేందర్‌ సంగ్వాన్‌కు ఒక ప్రశ్న తట్టింది. కణాలు పెరగడానికి కన్నును మించిన ల్యాబ్‌ ఏముంటుంది? సయన్‌ బసు, సీసీఎంబీ మాజీ డైరెక్టర్‌ డి.బాలసుబ్రమణియన్‌, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌ వర్సిటీ శాస్త్రవేత్త షీలా మెక్‌నీల్‌లతో కలిసి ఆయన 2012లో కొత్త పద్ధతిని ప్రకటించారు. పేరు స్లెట్‌. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిదీ పది చిన్న తునకలు చేస్తారు. కాలిన కంటి మీద దానమిచ్చిన మాయ నుంచి తీసిన పలుచని పొరను ఫైబ్రిన్‌ జిగురుతో పరుస్తారు. నారుమడిలో మొక్కలు నాటినట్టు దాని మీద ఆ తునకలను అదే జిగురుతో నాటుతారు. పైన మెత్తని కాంటాక్ట్‌ లెన్స్‌. అంతే! ల్యాబ్‌ లేదు, రెండో ఆపరేషన్‌ లేదు. ఒక్క పూటలో అయిపోతుంది. కొన్ని వారాల్లో తునకల నుంచి కణాలు పాకి ఉపరితలాన్ని కప్పేస్తాయి. జిగురు ఈలోగా తన పని ముగించుకుని కరిగిపోతుంది.

2016లో ప్రచురించిన 125 కళ్ల ఫలితాల్లో 76 శాతం నిలబడ్డాయి. అన్నీ కాదు. ఒక కన్నయినా బాగుంటేనే వారి సొంత కణాలు దొరుకుతాయన్న పరిమితీ ఉంది. అయినా అంత ఖరీదైన ల్యాబ్‌ చేసే పనిని రెండు సిరంజీల జిగురుతో మామూలు ఆపరేషన్‌ గదిలోకి తేవడం చిన్న విషయమా? తర్వాత చాలా దేశాల్లో ఈ పద్ధతి వాడారు.

మరి లేజర్‌ సంగతి? 1979లోనే జైన్‌, గోరిష్‌ అనే ఇద్దరు పరిశోధకులు లేజర్‌తో చిన్న రక్తనాళాలను అతికి చూపారు. సుమారు 60-70 డిగ్రీల వేడికి కణజాలంలోని ప్రొటీన్లు విచ్చుకుని పక్కవాటితో పెనవేసుకుంటాయి. బకెట్‌ అతుకు లాంటిదే. చిక్కల్లా వేడితోనే. తక్కువైతే పట్టదు, ఎక్కువైతే మాడిపోతుంది. అందుకే దారాన్ని పక్కన పెట్టేంతగా అది ఇంకా ఎదగలేదు. ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది.

కంట్లో మాత్రం లేజర్‌ అతుకు రోజూ జరిగేదే. రెటీనాకు చిన్న చిరుగు పడితే దాని చుట్టూ రెండు మూడు వరుసల్లో లేజర్‌ చుక్కలు పెడతారు. ఆ చుక్కలు మచ్చలై, రెటీనాను కింది పొరకు పట్టి ఉంచుతాయి. అతుకు పూర్తి బలం పుంజుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. చూశారా, ఇక్కడా మాన్పింది శరీరమే!

ఐటీ ఉద్యోగులున్న ఇళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే. మైనస్‌ పవర్‌ ఎక్కువున్న కంట్లో రెటీనా పలుచగా సాగి ఉంటుంది. చిరిగే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. లాసిక్‌ చేయించుకుంటే కళ్లద్దాలు పోతాయి గానీ ఈ ముప్పు పోదు. లాసిక్‌ సరిచేసేది ముందున్న కార్నియా వంపును, వెనకున్న రెటీనాను కాదు. అన్నట్టు లాసిక్‌లో పైకెత్తిన కార్నియా పొరకు కుట్టూ ఉండదు, జిగురూ ఉండదు. తిరిగి పరిస్తే తనే అంటుకుంటుంది. అందుకే కళ్లు నలపొద్దని అంతగా చెబుతారు.

కాబట్టి... ఉన్నట్టుండి కంట్లో మెరుపులు మెరిసినా, నల్లచుక్కలు గుంపుగా ఎగిరినా, పక్కనుంచి తెర కమ్మినా ‘కంప్యూటర్‌ అలసటలే’ అని వారాంతం దాకా ఆగొద్దు. ఆ రోజే కంటి డాక్టర్ని కలవండి. చిరుగు దశలో లేజర్‌తో కొద్ది నిమిషాల్లో తేలిపోయేది, రెటీనా ఊడాక పెద్ద ఆపరేషన్‌ అవుతుంది.

పిల్లల కంట్లో సున్నం పడితే ముందు చేయాల్సింది ఆసుపత్రికి పరుగు కాదు. వెంటనే కుళాయి కింద ధారగా నీళ్లు పోసి కనీసం అరగంట కడగండి. రేణువులుంటే శుభ్రమైన గుడ్డతో తీసేయండి. ఆ తర్వాతే ఆటో. చుక్కల మందనుకుని పొరపాటున జిగురు వేసుకుంటే రెప్పల్ని బలవంతంగా లాగకండి, కత్తిరించకండి. నీళ్లతో కడిగి డాక్టర్‌ దగ్గరకు వెళ్లండి.

ఇక ఆపరేషన్‌ ముందు ‘కుట్లా? జిగురా? లేజరా?’ అని ఆపేయకండి. ‘మా గాయానికి ఏది తగుతుంది, ఎందుకు? అతుకు ఎన్నాళ్లకు గట్టిపడుతుంది? అప్పటిదాకా ఏం చేయకూడదు?’ అని కూడా అడగండి. సూదీదారం పాతబడిందని చిన్నచూపు వద్దు. లాగుడు ఎక్కువున్న చోట ఇప్పటికీ దానిదే రాజ్యం. ఎంతయినా చిరిగిన పంచెను ఎవరూ ఫెవిక్విక్‌తో అంటించుకోరు కదా!